ఆరు గొట్టాలు, ఒక చేపు

సామర్లకోట,
జూన్ 9

సూర్యకళ వదినగారికి,

రత్నమాణిక్యం చెబుతుంటే క్రిస్టినా టీచరుగారు రాస్తున్న ఉత్తరం ఇది. నిన్న నేను మాట్లాడుతుండగానే మీరు ఫోన్ పెట్టేశారు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయడానికి ఉండదు. చింపాలన్నా చివరిదాకా చదివాకే చింపుతారు. పైగా కాయితం మీద పడ్డ మాటని రేపు "నేనలా అనలేదే" అనడానికి కుదరదు. మీకూ కుదరదు, నాకూ కుదరదు.

టీచరుగారు లూథరన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా ఇంటి పాలే తాగుతారు. అన్నది అన్నట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం రాయనంటున్నారు. ఎక్కడైనా మాట చప్పగా అనిపిస్తే అక్కడొక తిట్టు ఉందనుకుని చదువుకోండి.

ఇక నా వాదన. మీ అబ్బాయి గణేష్‌బాబుకి ఇచ్చింది నా మనవరాలు శ్రీదుర్గని. మూడో ఏట తల్లి పోయింది, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని ఇటు చూడలేదు. నేనే పెంచాను కాబట్టి వియ్యపురాలిని నేనే, మీరు నాతోనే తేల్చుకోవాలి. నాలుగు నెలల కిందట దానికి ఆడపిల్ల పుట్టింది. దేవిశ్రీ అని పేరు మీరే పెట్టారు. నేను అడ్డు చెప్పలేదు.

మొన్న మీరు కాకినాడలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, దుర్గ అన్నం పళ్ళెం విసిరికొట్టి, బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని అరగంట బయటికి రాలేదట. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే మీరు ఎత్తుకున్నారు. అంతవరకు మీకు దణ్ణం పెడతాను. ఆ తరవాత "ఈ పిల్లని నేను ధవళేశ్వరం తీసుకుపోతాను" అన్నారే, దానికి మాత్రం దణ్ణం లేదు.

డాక్టరమ్మ దాని బాధకి పేరు చెప్పిందట, బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని. టీచరుగారు నాచేత మూడుసార్లు పలికించారు. పేరు కొత్తది గానీ మనిషి నాకు పాతే. చిన్నప్పుడు పొద్దున లేచి "నువ్వు తప్ప నాకెవరూ లేరు అమ్మమ్మా" అని మెడకి చుట్టుకునేది. మధ్యాహ్నానికి "నీ మొహం చూడను" అనేది. రెండూ నిజంగానే అనేది. కాలిన చోట గాలి తగిలినా మండుతుంది చూడండి, దాని మనసంతా అలాంటి చోటే.

నేను నలభై ఏళ్ళు గేదెల్ని మేపాను. తొలిచూలు గేదె ఒకటి ఈనగానే దూడని తన్నింది. వీధిలో వాళ్ళంతా దూడని విడిగా కట్టెయ్యమన్నారు. నేను కట్టలేదు. దూడ ఒంటికి తవుడు రాసి, గేదె మూతి దగ్గర నిలబెట్టి, తన్నులు నాకు తగిలేలా మధ్యలో నేను నిలబడ్డాను. తవుడు నాకుతూ నాకుతూ దూడని నాకింది. మూడో రోజుకి నన్నే దగ్గరికి రానివ్వలేదు. ఆ రోజు దూడని తీసేసి ఉంటే అది తల్లి అయ్యేది కాదు.

మనవరాలిని గేదెతో పోల్చానని టీచరుగారు కలం ఆపారు. గేదె తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు, రాయండి అన్నాను.

నేను చెప్పేది ఒకటే. పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. మధ్యలో నిలబడడానికి మనుషులు కావాలంటే నేనున్నాను.

అన్న మాట మీద నిలబడే
రత్నమాణిక్యం
(వేలిముద్ర కింద ఉంది. తడి ఆరకుండా మడిచాం, అలికితే ఏమీ అనుకోకండి.)


ధవళేశ్వరం,
జూన్ 14

గౌరవనీయులైన వదినగారికి,

మీ 9వ తేదీ ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను, చింపలేదు. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు ఫైళ్ళు చూసిన దాన్ని, కాయితాన్ని చింపే అలవాటు నాకు లేదు. జాగ్రత్త చేశాను.

మొదటి అంశం, ఫోన్ నేను పెట్టేయలేదు. చార్జింగ్ అయిపోయింది. రెండోది, పిల్లని తీసుకుపోతానన్నది శాశ్వతంగా అని కాదు. దుర్గ కాస్త కుదురుకునేదాకా అన్నాను. మీరు ఆ సగం వినలేదు, లేదా నేను ఆ సగం అనేలోపు మీరు అందుకున్నారు.

అసలు విషయం వేరే ఉంది. దుర్గ వారం వారం వెళ్ళి మాట్లాడే డాక్టరమ్మగారు తల్లుల మీద ఒక పరిశోధన చేస్తున్నారు. ఇలాంటి మనస్తత్వ సమస్య ఉన్న తల్లికీ బిడ్డకీ మధ్య బంధం ఒంట్లో ఎలా ఏర్పడుతుందన్నది విషయం. ఆక్సిటోసిన్ అని తల్లి శరీరంలో ఉండేదొకటి, దాన్ని చూస్తారట. దుర్గ ఒప్పుకుని సంతకం పెట్టింది. జూలై మధ్యకి రిపోర్టు వస్తుంది. దాన్ని బట్టి చూద్దాం. అంతవరకు మనం ఇద్దరం తొందరపడకుండా ఉండడం మంచిది.

పాప బాగుంది. ఎడమ పక్కకి బోర్లా పడుతోంది. కుడి పక్కకి తిరగడం ఇంకా తెలీలేదు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

సూర్యకళ


సామర్లకోట,
జూన్ 18

వదినగారికి,

మీ ఉత్తరం టీచరుగారు రెండుసార్లు చదివారు. మొదటిసారి ఆక్సిటోసిన్ దగ్గర నేను లేచి నిలబడ్డాను. రెండోసారి నిలబడే విన్నాను.

ఆ పేరు నాకు తెలీదనుకున్నారా? అక్షరం ముక్క రాదు గానీ ఆ సీసా ఎంతుంటుందో, దాని మూత ఏ రంగో అన్నీ తెలుసు. పాల కేంద్రానికి పాలు పోగుచేసే జీవరాజు పన్నెండేళ్ళ కిందట ఆ సీసా నా పాకలోకి తెచ్చాడు. "మామ్మగారూ, దూడ అక్కర్లేదు, ఒక్క సూది పొడిస్తే చాలు, గేదె అదే చేపుతుంది" అన్నాడు. సీసా కాలవలో పడింది. జీవరాజు కూడా పడేవాడే, గట్టు పట్టుకున్నాడు.

చేపు అంటే ఏంటో టీచరుగారికే తెలీదు, మీకు ఫైళ్ళలో ఎక్కడ దొరుకుతుంది? చెబుతాను వినండి. దూడ వచ్చి పొదుగుని కుమ్ముతుంది. కుమ్మగానే గేదె ఒళ్ళు వదులవుతుంది, కళ్ళు సగం మూస్తుంది, పైనున్న పాలు పొదుగులోకి దిగుతాయి. దాన్నే చేపడం అంటాం. పాలున్నంత మాత్రాన దిగవు. కొత్త మనిషి వస్తే చేపదు, కుక్క మొరిగితే చేపదు, ఇంట్లో వాళ్ళు కొట్టుకుంటుంటే చేపదు. గేదెకి నమ్మకం కుదరాలి. ఆ సూది నమ్మకాన్ని పక్కకి నెట్టి పాలు లాగుతుంది. సర్కారు వాళ్ళు కూడా అలా పొడవొద్దని ఆపారు.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇంకోటి చూశాను. దూడ చచ్చిపోతే దాని తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, గేదె ముందు నిలబెట్టారు. గేదె ఆ గడ్డి దూడనే నాకి నాకి చేపింది. పాలు పిండుకున్నారు. నేను ఆ గేదె కళ్ళు చూశాను. మా అత్తగారు పోయి పాక నా చేతికి వచ్చాక ఆ పని మా ఇంట జరగలేదు.

అలాంటిది నా మనవరాలికి సూది పొడుస్తారా? పొడిచి, అది చేపితే తల్లి అని రాసి, చేపకపోతే పిల్లని మీ చేతిలో పెడతారా? "దాన్ని బట్టి చూద్దాం" అన్నారే, ఆ మాట నేను టీచరుగారి చేత కింద గీత గీయించాను. చూడండి, ఇప్పుడు కూడా గీత కనబడుతుంది.

సూది దాని ఒంటి మీద పడితే నేను గేదెల్ని తోలే కర్ర పట్టుకుని కాకినాడ బస్సెక్కుతాను.

కర్ర నూనె పెట్టి ఉంచిన
రత్నమాణిక్యం


ధవళేశ్వరం,
జూన్ 22

వదినగారికి,

సూది లేదు. సూది లేదు. సూది లేదు. టీచరుగారిని ఈ మూడు ముక్కలూ మూడుసార్లు చదవమనండి.

ఎవరూ ఏమీ పొడవరు. దుర్గ నోట్లో రెండు నిమిషాలు దూది వత్తి పెట్టుకుని, దాన్ని చిన్న గొట్టంలో వేస్తుంది. అంతే. ఉమ్మిలో ఆక్సిటోసిన్ ఎంతుందో లాబ్‌లో చూస్తారు. పిల్లని ఎత్తుకునే ముందు ఒకటి, పది నిమిషాలు ఆడించాక ఒకటి, అరగంట ఆగాక ఒకటి. ఒక గురువారం మూడు, మళ్ళీ గురువారం మూడు, మొత్తం ఆరు గొట్టాలు. ఫ్రిజ్‌లో పైన గడ్డకట్టే అరలో పెడితే వాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్తాడు.

గణేష్‌కి ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తోడుండాలన్నారు. ఈ 26న నేను వెళ్తాను. జూలై 3న మీరు వెళ్ళండి. సమానంగా ఉంటుంది. కర్ర తేకండి, ఆ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ లోపలికి రానివ్వడు.

మీ గేదెల సంగతి చదివాను. గడ్డి దూడ దగ్గర కాసేపు ఆగాను. మీరు అనుకునే మనిషిని నేను కాదని మాత్రం చెప్పగలను.

సూర్యకళ


సామర్లకోట,
జూలై 5

వదినగారికి,

గురువారం వెళ్ళి వచ్చాను. కర్ర తీసుకెళ్ళలేదు, గొడుగు తీసుకెళ్ళాను. గొడుగుని ఏ వాచ్‌మనూ ఆపడు.

ముందు పిల్ల సంగతి. కుడి పక్కకి కూడా తిరిగింది. మీ ఎదుట తిరగలేదు, నా ఎదుట తిరిగింది. ఈ మాట ఎందుకంటున్నానో మీకు తెలుసు.

దుర్గ పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తే చూడాలి. నాలుక బయటపెడుతుంది, బుగ్గలు ఊదుతుంది, ముక్కుతో పొట్ట మీద గీతలు గీస్తుంది. పిల్ల గుర్రం సకిలించినట్టు నవ్వింది. అంతలో మొహం పక్కకి తిప్పుకుంది. అంతే, దుర్గ మొహంలో నెత్తురు లేదు. "చూశావా అమ్మమ్మా, దానికి నేనంటే అసహ్యం" అంది. అయిదు నెలల పిల్లకి అసహ్యం ఏంటే, నవ్వి నవ్వి అలిసి ఊపిరి తీసుకుంటోంది అన్నాను. నమ్మలేదు. పిల్లని నా ఒళ్ళో పడేసి గోడ వైపు తిరిగింది. ఎవరు మూతి తిప్పుకున్నా చాలు, దుర్గకి తనని వదిలేసినట్టే ఉంటుంది. వాళ్ళమ్మ పోయిన ఏడాది, నేను పాలు పిండడానికి పాకలోకి వెళ్ళినా ఇలాగే గోడకి తిరిగేది. మళ్ళీ దగ్గరికి రావడానికి దానికి కాస్త టైము కావాలి. వచ్చింది కూడా. ఈలోగా ఆ రెండో గొట్టం, ఆ మూడో గొట్టం...

ఆ గొట్టాల సంగతి మీరు బెంగ పెట్టుకోకండి. కొందరు ఫ్రిజ్‌లో చేసిన పని నా కంటబడింది. నా చేతనైనంత నేను సరిచేశాను. ఇంతకంటే చెప్పను. రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, అప్పుడు మీరే చూస్తారు.

ఒంటి మీద స్పృహ ఉన్నంత కాలం మీకు అడ్డుపడే
రత్నమాణిక్యం


ధవళేశ్వరం,
జూలై 20

వదినగారికి,

రిపోర్టు వచ్చింది. బ్రహ్మాండంగానే ఉంది.

డాక్టరమ్మగారు గణేష్‌కి ఫోన్ చేసి, "మీ ఆవిడ ఆకువక్క వేసుకుంటారా?" అని అడిగారట. లేదన్నాడు. "పొగాకు?" అని అడిగారట. అదీ లేదన్నాడు. రెండో వారం గొట్టాలు మూడూ తెరిస్తే దూది ఎర్రగా ఉందట. లాబ్‌లో కుర్రాళ్ళు పళ్ళ నుంచి రక్తం అనుకుని భయపడ్డారట. తీరా చూస్తే సున్నం, వక్క, పొగాకు.

కాకినాడ ఇంట్లో ఆకువక్క వేసుకునే మనిషి ఆ గురువారం ఎవరున్నారో నేను రాయక్కర్లేదు.

నవ్వే విషయమైతే నవ్వేదాన్నే వదినగారూ. దుర్గకి తెలిసిపోయింది. అరవలేదు, పళ్ళెం విసరలేదు. "అమ్మమ్మ కూడా నా ప్రేమ చాలదని ముందే తేల్చేసింది" అందట. తరవాత పాప బట్టలన్నీ మడిచి, ఉగ్గు గిన్నె, దోమతెర, అన్నీ ఒక సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. "మీ అమ్మగారిని వచ్చి పట్టుకెళ్ళమనండి, అందరికీ కావలసింది అదేగా" అందట. రెండు రోజులుగా సంచి అక్కడే ఉంది. పిల్లకి పాలిస్తోంది, స్నానం చేయిస్తోంది, మాట మాత్రం ఎవరితోనూ లేదు.

ఇంతకాలం పిల్ల తల్లి దగ్గరే ఉండాలని మీరు వాదించారు. ఇప్పుడు తల్లే పంపించేస్తానంటోంది. దీనికి ఏం సమాధానం చెబుతారు?

సూర్యకళ


సామర్లకోట,
జూలై 24

వదినగారికి,

సమాధానం చెబుతాను. పెట్టాను. ఆ మూడు దూదులూ నా నోట్లోవే. దుర్గ వేసినవి తీసి నావి వేశాను. ఆకు నమిలిన నోరు పుక్కిలించాననే అనుకున్నాను, డెబ్భై నాలుగేళ్ళ నోరు ఒక్క పుక్కిలితో వదులుతుందా?

తప్పే. టీచరుగారు "తప్పు" అని రాయడానికి సంతోషంగా ఉన్నారు, రాయనివ్వండి. కానీ ఎందుకు పెట్టానో కూడా రాయండి అన్నాను.

దుర్గ గోడకి తిరిగిన ఆ అరగంటలో రెండో గొట్టం పెట్టడానికి ఫ్రిజ్ తీశాను. మీ వారం గొట్టాలు మూడూ అక్కడే ఉన్నాయి. దూది తెల్లగా ఉండాలి కదా, గోధుమరంగులో ఉంది. మూత తీసి వాసన చూశాను. కాఫీ. దుర్గ కడుపుతో ఉన్నప్పటి నుంచి కాఫీ వాసనకే డోకు తెచ్చుకుంటుంది. ఆ ఇంట్లో కాఫీ పొడి కూడా ఉండదు. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ధవళేశ్వరం నుంచి బస్సులో వచ్చే మనిషి ఎవరో నేనూ రాయక్కర్లేదు.

పిల్లని తీసుకుపోవడానికి, నా మనవరాలి రిపోర్టు చెడగొట్టడానికి ఈవిడ తన ఉమ్మి పెట్టింది అనుకున్నాను. మీవి మూడు చెడ్డవి ఉంటే నావి మూడు మంచివి పడాలి, సరికి సరి అవుతుంది అనుకున్నాను. ఆ పిల్ల మీద నా ప్రేమకి ఎవరూ వంక పెట్టలేరు కదా, ఆ ఉమ్మి ఎవరికి చూపించినా నెగ్గుతుంది అనుకున్నాను.

నా నేరం నేను ఒప్పుకున్నాను. ఇక మీరు చెప్పండి. మీరెందుకు పెట్టారు?

రత్నమాణిక్యం


ధవళేశ్వరం,
జూలై 28

వదినగారూ,

మీ ఉత్తరం చదివి ఒక రోజంతా పక్కన పెట్టాను. ఇలాంటివి రాయడం నాకు అలవాటు లేదు. ఫైలు భాష దీనికి పనికిరావడం లేదు.

పెట్టాను. మూడూ నావే. చెడగొట్టడానికి కాదు.

ఆ గురువారం దుర్గ పాపని ఆడిస్తూ ఆడిస్తూ, కారణం లేకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇలాంటప్పుడు తీసిన ఉమ్మిలో ఏముంటుంది అనుకున్నాను. తక్కువ వస్తే ఆసుపత్రి కాయితం మీద పడుతుంది. ఈ తల్లిలో ప్రేమ ఇంత తక్కువ అని. కాయితం మీద పడ్డది ఎప్పటికీ పోదని నాకంటే ఎవరికి తెలుసు? నా కోడలు ఫెయిల్ కాకూడదని, దాని దూది తీసేసి నాది పెట్టాను. అంతకు ముందే కాఫీ తాగానన్న సంగతి కూడా గుర్తు లేదు.

నవ్వకండి. నాది పెడితే ఎక్కువ వస్తుందని ఎందుకనుకున్నానో నాకే తెలీదు. ఎందుకంటే నాకు కూడా రాలేదు.

గణేష్ పుట్టినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు వదినగారూ. అందరూ "చూడు ఎంత ముద్దుగా ఉన్నాడో" అంటుంటే, ఎవరి పిల్లాడినో చూస్తున్నట్టు ఉండేది. ఒళ్ళో పెడితే భయం. పాలు సరిగ్గా రాలేదు. మీ భాషలో చెప్పాలంటే నేను చేపలేదు. రెండో నెలలోనే ఆఫీసులో చేరిపోయాను. మా అత్తగారు వాడిని తన గదిలో పడుకోబెట్టుకున్నారు. సాయం చేస్తున్నాననే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఏడాది నిండుతుండగా ఒక రోజు వాడు పాకుతూ వచ్చి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది. ఒక్కసారిగా. కానీ అప్పటికి వాడు ఏడిస్తే మా అత్తగారి దగ్గరికే వెళ్ళేవాడు. ఇప్పటికీ నాతో మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకుంటాడు.

పిల్లని తీసుకుపోతానన్నది దుర్గని ఆ సిగ్గు నుంచి తప్పిద్దామనే. నాకు జరిగిన సాయాన్నే నేనూ చెయ్యబోయాను. మీ గేదె కథ చదివినప్పటి నుంచీ అది సాయమేనా అని ఆలోచిస్తున్నాను.

నేను వెళ్ళి దుర్గతో మాట్లాడాలి. మా వీధిలో వాన నీళ్ళు నిలిచి మెట్టు మీద జారాను, మోకాలు వాచి అడుగు పడడం లేదు. మీరు వెళ్ళండి. ఈ ఉత్తరం దుర్గకి వినిపించాలనిపిస్తే వినిపించండి. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సూర్యకళ


సామర్లకోట,
ఆగస్టు 6

సూర్యకళ వదినగారికి,

మోకాలికి ఆముదం కాచి పట్టు వెయ్యండి. కాఫీ వెయ్యకండి.

టీచరుగారిని వెంటబెట్టుకుని కాకినాడ వెళ్ళాను. నాకు చదవడం రాదు, మీ ఉత్తరం చదివే నోరు కావాలి కదా. ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, దుర్గని కూడా రమ్మన్నాం. వచ్చింది, నా పక్కన కూర్చోలేదు, కిటికీ పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ నన్ను చూడగానే "మీరేనా ఆకువక్క మామ్మగారు" అంది. నేనే, కాఫీ మూడు గొట్టాలూ మా వియ్యపురాలివి అన్నాను. కోప్పడుతుందనుకుంటే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది, అంత నవ్వింది. తరవాత బాగానే కోప్పడింది. మనం పాడుచేసింది ఆరు గొట్టాలు కాదట, ఆరు గొట్టాల వెనకున్న చాలా కష్టమట.

"ఇది పరీక్ష కాదు మామ్మగారూ. పాసూ లేదు, ఫెయిలూ లేదు" అంది.

"మరెందుకు కొలుస్తున్నారు?"

"తెలీక. ఇలాంటి బాధ ఉన్న తల్లి బిడ్డని ఎత్తుకుంటే లోపల ఏం జరుగుతుందో మాకింకా పూర్తిగా తెలీదు. ఆక్సిటోసిన్ కొందరికి తక్కువ పెరుగుతుందేమో. కొందరికి దగ్గరితనంతో పాటు భయం కూడా లేస్తుందేమో. చిన్నప్పుడే తల్లి పోయిన వాళ్ళలో ఇంకోలా ఉండొచ్చు. తెలిస్తే కదా సాయం చెయ్యగలిగేది."

"తక్కువొస్తే పిల్లని తీసేస్తారా?" అన్నాను. మీరు రాసిన "దాన్ని బట్టి చూద్దాం" అన్న మాట నా కొంగుకి కట్టుకునే వెళ్ళాను మరి.

"తక్కువొస్తే ఆ తల్లికి ఎక్కువ తోడు కావాలని అర్థం" అంది. "బాగున్న తల్లులు కూడా రోజుకి చాలాసార్లు పిల్ల సైగని తప్పుగా అర్థం చేసుకుంటారు. అలా పొరబడ్డాక మళ్ళీ పిల్ల దగ్గరికి రావడమే పెద్ద పని. మీ మనవరాలు ఆ పని నేర్చుకుంటోంది. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం మూసుకుని."

నా జన్మలో నాకు ఇంత కష్టమైన మందు ఎవరూ రాయలేదు.

అక్కడే, ఆవిడ ముందే, మీ ఉత్తరం టీచరుగారి చేత చదివించాను. కాఫీ దగ్గర దుర్గ పెదవి వణికింది, నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు. "నా కోడలు ఫెయిల్ కాకూడదని" అన్న చోట కిటికీలోంచి చూపు తిప్పింది. గణేష్ కుచ్చెళ్ళు పట్టుకున్న చోట ఏడ్చింది. చదవడం అయ్యాక అడిగింది, "అత్తయ్యగారికి కూడా రాలేదా అమ్మమ్మా?" అని. రాలేదే, ఆలస్యంగా వచ్చిందట అన్నాను. "నాకు వస్తుంది, కానీ వచ్చినప్పుడల్లా భయమేస్తుంది" అంది. అప్పుడు లేచి నా పక్కకి వచ్చి కూర్చుంది. నేను నోరు మూసుకునే ఉన్నాను. టీచరుగారు సాక్షి.

మళ్ళీ మొదటి నుంచి దూది పెడతారట. "ఈసారి నేనే పెట్టుకుంటాను. గొట్టాలు నేనే ఫ్రిజ్‌లో పెడతాను. మీ ఇద్దర్నీ వంటింట్లోకి రానివ్వను" అంది దుర్గ. నేను ఒప్పుకున్నాను, మీ తరఫున కూడా ఒప్పుకున్నాను.

ఇక నిన్నటి సంగతి. రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున గణేష్ డ్యూటీకి వెళ్తూ చొక్కాకి బొత్తాం లేదని ఏదో అన్నాడు. పెద్ద మాట కాదు. దుర్గకి పెద్దదే అయింది. చేతిలో గరిటె నేలకేసి కొట్టి, బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకుంది. పిల్ల నా ఒళ్ళో ఉంది, గరిటె చప్పుడుకి ఉలిక్కిపడి ఎత్తుకుంది రాగం. నాకు నాలుక చివరిదాకా వచ్చాయి మాటలు. డాక్టరమ్మ గుర్తొచ్చి మింగాను. పిల్లని తీసుకుని ఆ తలుపు ముందే నేల మీద కూర్చున్నాను. గణేష్ బూట్లు విప్పేసి నా పక్కన కూర్చున్నాడు. ఎవరం పిలవలేదు. పిల్ల ఒక్కతే పిలుస్తోంది, తన పద్ధతిలో.

ఒక గేదె పాలు పిండేంతసేపు పట్టింది. గడియ తీసింది. మొహం కడుక్కుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని ఇద్దర్నీ నేల మీద చూసి ఆగిపోయింది. "ఇక్కడే ఉన్నారా?" అంది. ఎక్కడికి పోతాం అన్నాడు గణేష్. గొంతు సవరించుకోకుండానే అన్నాడు వదినగారూ. పిల్ల దాని మొహం చూసి ఏడుపు మధ్యలో వెక్కిళ్ళకి దిగింది.

అప్పుడు చూశాను. దుర్గ ఇంకా పిల్లని తాకలేదు. చేతులు చాపింది, అంతే. దాని జాకెట్టు మీద రెండు పక్కలా తడి, రూపాయి బిళ్ళంత మొదలై అరచెయ్యంత అయింది. పిల్ల పిలుపుకే పాలు దిగాయి. దుర్గ కూడా కిందికి చూసుకుని, "ఇదేంటి అమ్మమ్మా" అంది. చేపొచ్చిందే అన్నాను. నలభై ఏళ్ళు చూసిన దాన్ని, నాకు గొట్టం అక్కర్లేదు. టీచరుగారు ఇది రాయడానికి సిగ్గుపడుతున్నారు. రాయండి అన్నాను, ఈ ఉత్తరం మొత్తం ఈ ముక్క కోసమే రాయించుకుంటున్నాను.

పిల్లని తీసుకుని "వచ్చేశానే, వచ్చేశాను" అంటూ గోడకి చేరగిలబడింది. ఈసారి గోడకి వీపు పెట్టింది, మొహం కాదు.

మోకాలు తగ్గగానే రండి. దుర్గే రమ్మంది, "అత్తయ్యగారు ఒక వారం, నువ్వు ఒక వారం తలుపు దగ్గర కూర్చోండి" అంది. కాఫీ ఫ్లాస్కు బాల్కనీలో పెట్టుకోండి, నా ఆకుల సంచి కూడా అక్కడే పెడతాను.

ఫోన్ చార్జింగ్ పెట్టుకుని ఉంచండి, అప్పుడప్పుడూ మాట్లాడుకుందాం.

మీ వైపు వాదించడానికి కూడా సిద్ధంగా ఉన్న
రత్నమాణిక్యం

గుమ్మం దగ్గర సంచి ఏమైందని అడుగుతారేమో. బట్టలు బీరువాలోకి వెళ్ళాయి. దాన్నిండా ఇప్పుడు ఉల్లిపాయలున్నాయి.